వాగు దాటిన విత్తనం

మెదక్ విత్తనాల గోదాములో స్టోర్‌కీపర్‌గా చేరిన మొదటి నెలలోనే నేనొక లారీని రోజంతా ఊళ్ల మీద తిప్పి, సగం సరుకుతో వెనక్కి రప్పించాను. ఆ తర్వాత ఆ పనిలో నాకు మంచి పేరు వచ్చింది. ఆ పేరు గురించి గర్వంగానే చెప్పబోతున్నాను కాబట్టి, ముందు ఆ లారీ సంగతి చెప్పడం న్యాయం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లు దాటిన రోజులవి. గోదాము ఖిల్లా గుట్ట కింద ఒక పాత రాతి కట్టడంలో ఉండేది. మందపాటి గోడలు, ఎత్తున రెండే చిన్న కిటికీలు. వానాకాలంలో ఉత్తరపు గోడ చెమ్మగిల్లేది. అప్పటికి నేను ఆ గోదాము నడిపే సహకార సంఘం ఆఫీసులో రెండేళ్లు ఉత్తరాలు రాసే గుమాస్తాగా ఉన్నాను. పాత స్టోర్‌కీపర్ రిటైరయితే, చేతిరాత బాగుందని నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. నాకు ఇరవై ఆరేళ్లు. గోదాములో ఆడవాళ్లు లేరని కాదు. చిరిగిన గోనెసంచులు కుట్టేదీ, నేల మీద రాలిన గింజలు ఊడ్చేదీ వాళ్లే. తాళంచెవుల గుత్తి మాత్రం అంతకుముందు ఏ ఆడమనిషి చేతికీ రాలేదు.

హమాలీలు పద్దెనిమిది మంది. వాళ్ల మీద మేస్త్రీ ఒక ముసలాయన. గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం, భుజాన ఎప్పుడూ ఒక గళ్ల తువ్వాలు. ఇంట్లో ఉర్దూ, గోదాములో తెలుగు. నిజాం కాలం నుంచీ మూటలు మోసినవాడు. చదవడం, రాయడం రాదు. అందరూ ఆయన్ని చాచా అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను.

ఆ లారీ నర్సాపూర్ రోడ్డు మీద ఎనిమిది ఊళ్లకు వడ్ల విత్తనం తీసుకుపోవాలి. ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో ఊళ్ల పేర్లు మెదక్ నుంచి దగ్గరి వరుసలో ఉన్నాయి. నేను ఆ వరుసలోనే చదువుతూ ఎక్కించాను. మొదటి ఊరి బస్తాలు మొదట, చివరి ఊరివి చివర. సాయంత్రానికి లారీ తిరిగొచ్చింది. ఇంకా నాలుగు ఊళ్ల బస్తాలు లోపలే ఉన్నాయి. డ్రైవర్ కిందికి దూకి నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏం లోడింగమ్మా గిది? ఫస్టు ఊరి బస్తాలు అడుగున వెట్టిన్రు. ఊరూరికి లారీ పూరా ఖాళీ జేసి మల్ల ఎక్కియ్యవడితిమి. ఇగ పొద్దంత గదే పని!"

మేస్త్రీ గోడకు ఆనుకుని బీడీ చుట్టుకుంటున్నాడు. డ్రైవర్ పోయాక ఆయన దగ్గరికి వెళ్లాను.

"మీకు ఎరికే గదా చాచా? పొద్దుగాల ఎందుకు చెప్పలే?"

"మీరు అడగలే బేటీ. కాయితం చూసి గిది ముందు, గిది ఎన్క అన్నరు. సదువుకున్నోళ్లు, ఏదో లెక్క ఉంటదనుకున్న."

ఎత్తిపొడుస్తున్నాడేమోనని ఆయన మొహంలోకి చూశాను. అలాంటిదేమీ లేదు. నిజంగానే అలా అనుకున్నాడు.

"ఇగ రోజూ అడుగుత. చెప్తరా?"

"అడిగితే చెప్పకుండ ఎట్లుంట?"

ఆ మర్నాటి నుంచి నేను అడగడం మొదలుపెట్టాను. కుర్చీలో కూర్చుని కాదు, ఆయన వెంట తిరుగుతూ. ఏ బస్తాల దొంతరలోకి పోయినా ఆయన ముందు ముక్కుతో చూసేవాడు. విత్తనం వేడెక్కితే ఒక పుల్లటి వాసన వస్తుంది, అది తెలియాలంటే పొద్దున తలుపు తీసిన మొదటి నిమిషంలోనే లోపలికి పోవాలన్నాడు. తర్వాత చెయ్యి మోచేతి దాకా బస్తాలోకి దూర్చేవాడు. నడుమ గింజ చల్లగా ఉండాలి. నేల మీద చెక్కలు పరచకుండా బస్తా పెట్టనివ్వడు. గోడకు, దొంతరకు నడుమ మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు ఉండాలి. "తిండి గింజ వేరు బేటీ. కొద్దిగ ముక్కినా కడుగుకోని తింటరు. విత్తనం సచ్చిపోతే పైకి ఎర్కగాదు. రైతు నారు పోసి, వారం దినాలు మడి దిక్కు చూసుకుంట కూసున్నంక ఎర్కైతది" అన్నాడు ఒకసారి. ఆ మాట విన్నాక గోదాములో నా నడక కూడా మారిందేమో.

నేను నేర్పింది కూడా ఉంది. వ్యవసాయ శాఖ కరపత్రంలో చదివి, ప్రతి దొంతర నుంచీ వంద గింజలు తీసి తడి గోనెపట్టాలో చుట్టి, నాలుగో రోజు ఎన్ని మొలిచాయో లెక్కపెట్టేదాన్ని. మొదట చాచా నవ్వాడు. తర్వాత ఒక దొంతర వాసన బాగున్నా మొలకలు సగమే వచ్చాయి. దాన్ని రైతులకు ఇవ్వకుండా తీసేశాం. అప్పటి నుంచి నాలుగో రోజు పొద్దున నాకంటే ముందే ఆయన గోనెపట్టా విప్పి కూర్చునేవాడు.

హమాలీలకు అక్షరాలు రావు కాబట్టి బస్తాల మీద ఊరి పేరు రాసినా లాభం లేదు. సందులో ఉన్న దర్జీ దగ్గర కత్తిరింపు గుడ్డ ముక్కలు అడిగి తెచ్చాను. ఒక్కో ఊరికి ఒక్కో రంగు. బస్తా మూతి కుట్టేటప్పుడే ఆ పీలిక కట్టాలి. రంగులు చాలకపోతే రెండు రంగులు కలిపి ముడేశాం. కుట్టే ఆడవాళ్లే అది నాకంటే బాగా గుర్తుపెట్టుకున్నారు. ఎల్దుర్తి అంటే ఎరుపు, దాని పక్క ఊరు ఎరుపు, తెలుపు. గోదాము తలుపు లోపలి వైపు సున్నంతో పెద్ద పటం గీశాను. ఏ ఊరికి ఏ బాట, ఎక్కడ వాగు అడ్డం, ఎంత వాన పడితే ఏ బాట మునుగుతుంది. వచ్చిన ప్రతి బండి మనిషినీ అడిగి అందులో చేర్చేదాన్ని.

అందరూ సంతోషంగా ఒప్పుకున్నారని చెప్పను. ఒకరోజు ఉత్తరపు గోడకు ఆనించి పేర్చిన దొంతరను విప్పి సందు వదిలి మళ్లీ పేర్చమన్నాను. వాళ్లలో బలమైన హమాలీ ఒకడు బస్తా దించి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"గిన్నేండ్ల సంది గిట్లనే వెడుతున్నం. నిన్నగాక మొన్నొచ్చి మాకు నేర్పుతవా అమ్మా?"

మిగతావాళ్లు నవ్వారు. చాచా ఏమీ అనలేదు. నా తరఫున ఆయన అరిస్తే ఆ రోజుతో నా మాట పోయేదని ఆయనకు తెలుసు. నేను చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని దొంతర ఎక్కాను. పైనుంచి మూడో వరసలో గోడవైపు బస్తాను పట్టుకుని లాగాను. నా బలానికి అది కదల్లేదు. ఆ హమాలీయే పైకెక్కి లాగాల్సి వచ్చింది. గోడకు తగిలిన వైపంతా బస్తా నల్లబడి ఉంది. వేలు పెడితే గుడ్డ చిరిగి, మొలకెత్తి మురిగిన గింజలు జారాయి. అతను వాటిని అరచేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత కిందికి చూసి "రాండ్రిరా, విప్పుదాం" అన్నాడు. సాయంత్రానికి దొంతర మొత్తం కొత్తగా లేచింది.

ఇలా నాలుగేళ్లు గడిచాక ఆ చెడ్డ సంవత్సరం వచ్చింది.

మృగశిరలో ఒక జల్లు పడింది. ఆశపడి రైతులు నారుమళ్లు పోశారు. ఆ తర్వాత ఆకాశం ఎండిపోయింది. ఆరుద్ర పోయింది, పునర్వసు పోయింది. పోసిన నారు మళ్లలోనే ఎర్రబడి గడ్డిలా అయింది. ఇళ్లలో దాచుకున్న విత్తనం అయిపోయింది. మా గోదాములో ఉన్నది ఎక్కువ రోజుల పంట విత్తనం. ఇంత ఆలస్యంగా అది పోస్తే గింజ పాలుపోసుకునే వేళకు చెరువులో నీళ్లుండవు. తక్కువ రోజుల్లో కోతకొచ్చే కొత్త రకం కావాలి. అది హైదరాబాదు నుంచి రైల్లో రావాలి.

మాకు పై అధికారి అప్పుడే కృష్ణా జిల్లా వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు. పద్ధతి గల మనిషి, కాగితం లేకుండా అడుగు వేసేవాడు కాదు. ఎండ మండిపోతున్న రోజు నేను ఆయన ముందు ఇండెంటు కాగితం పెట్టాను.

"వానే లేదు గదమ్మా. విత్తనం తెచ్చి ఎవరికిస్తారు?"

"వాన ఎప్పుడొస్తదో మనకు తెల్వది సార్. వచ్చినంక రాస్తే మాత్రం విత్తనం రాదు. రాసినంక రైలెక్కుటానికే పదిహేను దినాలు పడ్తది."

"వాన రాకపోతే? అంత సరుకూ మీ గోదాములో మురిగిపోతుంది."

"మురగనియ్య సార్. వచ్చే ఏడు దాక కాపాడుత. గా పని నాకొచ్చు."

ఆ మాట అనేశాక నాకే ఆశ్చర్యం వేసింది. అంత ధైర్యంగా నా పని గురించి నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి సంతకం పెట్టాడు.

పుష్యమి కార్తె నడుమ వాన దిగింది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. చెరువుల్లోకి నీళ్లొచ్చాయి. నాలుగో రోజు పొద్దున గోదాము ముందు రైతులు నిండిపోయారు. అదే పొద్దున అక్కన్నపేట స్టేషన్ మాస్టరు నుంచి కబురు వచ్చింది, విత్తనం వ్యాగన్లు వచ్చి నిలబడ్డాయని. ఆ రోజుల్లో మెదక్‌కు రైలు లేదు. ఏ సరుకైనా అక్కన్నపేటలో దిగి రోడ్డున రావాలి. గంట తర్వాత మరో కబురు. స్టేషన్‌కు, మెదక్‌కు నడుమ ఉన్న వాగు పొంగి కల్వర్టు ఒక పక్క కొట్టుకుపోయింది. లారీలు పోవు.

అధికారి దగ్గరికి పరుగెత్తాను. చాచా నా వెనకే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"ఏం చేస్తాం? నీళ్లు తగ్గాక రోడ్డు వాళ్లు రాళ్లు పోస్తారు. వారం పట్టచ్చు. తర్వాత లారీలు పంపి, సరుకు గోదాములో దించి, రిజిస్టర్లో ఎక్కించి, ఊళ్లకు పంపుదాం. అప్పటిదాకా వ్యాగన్లలోనే ఉంటుంది" అన్నాడాయన.

"వారం ఆగితే ఎవ్వరికీ అక్కరకు రాదు సార్. ఆశ్లేషల నారు పడకపోతే ఇగ ఈ ఏడు వరి లేదు. గీ వానకు ఇనుప వ్యాగన్ల గింజ ఉడుకుతది."

"మరి లారీని ఎగిరించుకొస్తారా?"

అప్పటికే నా తలలో గోదాము తలుపు మీది పటం తిరుగుతోంది. ఇరవై రెండు ఊళ్లకు విత్తనం కావాలి. అందులో తొమ్మిది ఊళ్లు వాగుకు అవతలే, స్టేషన్ వైపే ఉన్నాయి. ఎల్దుర్తి దిక్కు ఊళ్లకు అటునుంచే బండ్ల బాట ఉంది. వాళ్ల విత్తనాన్ని వాగు దాటించి మెదక్ తెచ్చి, మళ్లీ వాగు దాటించి పంపడం ఎందుకు? ఇటువైపు పదమూడు ఊళ్ల బస్తాలను మాత్రమే మనుషులతో వాగు దాటిస్తే చాలు. ఒడ్డున లారీలు పెట్టుకుని అక్కణ్నుంచే ఊళ్లకు పంపవచ్చు. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గోదాములోకి రాకుండా సరుకు పంచడం రూల్సులో లేదమ్మా. రేపు లెక్క తేడా వస్తే మీ ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది."

"స్టేషన్ ప్లాట్‌ఫారమే ఇయ్యాల గోదాము అనుకోండ్రి సార్. రిజిస్టర్ ఆడికే తీస్కపోత. ఒక్కో బస్తా ఆడనే రాస్త. సంతకం నాది."

"అది రాసివ్వండి."

అక్కడే నిలబడి రాసిచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొడుగు అందుకుని "పదండి, నేనూ వస్తాను" అన్నాడు.

బయట చాచా అంతా విన్నాడు. నేను అడగకముందే చెప్పాడు. "మన పోరగాండ్లందరు ఒక్క ఊరోళ్లు గాదు బేటీ. ఒక్కొక్కడు ఒక్కో దిక్కు. ఎవని దిక్కు వాణ్ని పంపిద్దాం. ఊరోళ్లనే తోల్కరమ్మందాం, గూడు బండ్లు కట్టుకోని." ఆ మాటతో బండ్ల చిక్కు తీరిపోయింది. ఎవరి విత్తనం కోసం వాళ్ల బండ్లే వస్తాయి. పైన గూడు ఉంటుంది కాబట్టి బస్తా తడవదు. హమాలీలు నడిచి కొందరు, సైకిళ్ల మీద కొందరు ఆ ఘడియలోనే బయలుదేరారు. అవతలి ఊళ్లకు పోవాల్సినవాళ్లు తాడు పట్టుకుని వాగు దాటారు. కుట్టే ఆడవాళ్లు నలుగురు గుడ్డ పీలికల మూటతో, సూదులతో నాతో వచ్చారు. వాగు నడుం లోతుంది. తాడు పట్టుకుని దాటి, తడి చీరలతోనే స్టేషన్ దాకా నడిచాం.

స్టేషన్ మాస్టరు మంచివాడు. సరుకుల షెడ్డు తాళం తీసి మాకు అప్పగించాడు. వ్యాగన్ సీలు తీయగానే చాచా ముందుగా లోపలికి తల పెట్టి గాలి పీల్చాడు. వెనక్కి తిరిగి నాకేసి చూసి తలూపాడు. విత్తనం బాగానే ఉంది.

స్టేషన్ హమాలీలు దించుతుంటే నేను ఊరి పేరు చెప్పేదాన్ని, ఆడవాళ్లు ఆ రంగు పీలిక బస్తా మూతికి వేసి కుట్టేవాళ్లు, షెడ్డులో ఊరికొక చోట దొంతర లేచేది. మధ్యాహ్నానికి అవతలి ఊళ్ల గూడు బండ్లు ఒక్కొక్కటే రావడం మొదలైంది. పేర్లు పిలిచే పనే లేకపోయింది. బండి వెంట వచ్చిన హమాలీ తన ఊరి రంగు చూసుకుని నేరుగా ఆ దొంతర దగ్గరికి పోయేవాడు. నేను రాసేదాన్ని. రిజిస్టర్ మీద చినుకులు పడకుండా మా అధికారి గొడుగు పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. అంత పెద్ద ఆఫీసరు గుమాస్తాకు గొడుగు పట్టడం చూసి రైతులు ఒకర్నొకరు మోచేతులతో పొడుచుకున్నారు. ఆయన పట్టించుకోలేదు.

ఒక చోట చిక్కొచ్చింది. ఒక వ్యాగన్ తలుపు సరిగా మూసుకోక, దాని పక్కనున్న పదిహేను బస్తాలు నిండా తడిశాయి. అధికారి ఒక బస్తాను తాకి చూశాడు.

"పోయాయి. వీటిని పక్కన పెట్టి డ్యామేజీ కింద రాయండి."

"వద్దు సార్" అన్నాను. "నారు పోసే ముందు రైతు ఎట్లైన గింజను నానబోస్తడు. ఇవి నిన్ననే తడిసినయ్. అందరికంటె దగ్గరి ఊరికి గిప్పుడే పంపితే రేపు మొలకలు రానీకి మండె కట్టుకుంటరు, ఎల్లుండి మడిల చల్లుతరు. దూరం పంపితేనే పోతయ్."

చాచా ఒక బస్తాలో చెయ్యి పెట్టి చూశాడు. "ఇంక వేడి వుట్టలే. అమ్మ చెప్పింది నిజం సార్" అన్నాడు. స్టేషన్‌కు అతి దగ్గరి ఊరి పెద్దరైతును పిలిచి అడిగాం. అతను గింజ నోట్లో వేసుకుని కొరికి చూసి, "మాకు నానబోసే పని తప్పింది గదా, ఎయ్యండ్రి బండ్ల" అన్నాడు. పదిహేనులో ఒక్క బస్తా కూడా పారబోయలేదు. ఆ రోజు నేను చేసినవాటిలో నాకు ఇప్పటికీ ఎక్కువ ఇష్టమైనది అదే. రూల్సు పుస్తకంలో దానికి జవాబు లేదు, కరపత్రంలోనూ లేదు. నాలుగేళ్లుగా రైతులు నారు ఎలా పోస్తారో అడిగి తెలుసుకున్నది అక్కడ అక్కరకొచ్చింది.

మర్నాడు పొద్దున ఇటువైపు పదమూడు ఊళ్ల వంతు. బస్తాలను బండ్ల మీద వాగు అవతలి ఒడ్డుకు తెచ్చాం. రాత్రి వాన ఆగడంతో నీళ్లు తొడల దాకా తగ్గాయి, వడి మాత్రం ఉంది. రెండు లావు మోకులు ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ బిగించి కట్టారు. వాటి నడుమ హమాలీలు, రైతులు వరసగా నిలబడ్డారు. చాచా సరిగ్గా నడిమధ్యలో, నీళ్ల వడి ఎక్కువున్న చోట నిలబడ్డాడు. వద్దన్నాను.

"ఆడ నిలవడేటోనికి వాగు ఎర్కుండాలె బేటీ. మీరు ఒడ్డు చూసుకోండ్రి. ఈడిది నేను చూస్త."

బస్తా తల నుంచి తలకు, చేతుల నుంచి చేతులకు మారుతూ వస్తుంటే చాచా గొంతు లయగా వినిపించేది. ఎవరైనా అలిసిపోతే మొహం చూసి కనిపెట్టి "నువ్వు బయటికి పో, నువ్వు రా" అనేవాడు. గోదాములో నాకు ఎదురు చెప్పిన ఆ బలమైన హమాలీ రెండు చోట్ల మనిషి తక్కువైతే రెండు చోట్లా తనే నిలిచాడు. ఇవతలి ఒడ్డున మూడు లారీలు. చివరి ఊరి బస్తాలు లోపలికి, మొదటి ఊరివి తలుపు దగ్గరికి, నేను రంగు పిలిచిన వరసలో పోతున్నాయి. ఒక్కసారి మాత్రం పట్టు జారి బస్తా నీళ్లలో పడింది. ముగ్గురు దాని మీద దూకి మోకు దగ్గర పట్టుకున్నారు. అది వాగు ఒడ్డునున్న ఊరికే పోయింది.

పొద్దు వాలకముందే చివరి బస్తా ఒడ్డెక్కింది. మూడో లారీ ఏడుపాయల దిక్కు ఊళ్లకు కదిలింది. నేను రిజిస్టర్ కూడి చూశాను. స్టేషన్‌లో దిగినవీ, ఊళ్లకు చేరినవీ ఒక్కటే లెక్క. అధికారి కూడా తన వేలితో ఒక్కో వరసా తడుముతూ చూశాడు. తర్వాత రిజిస్టర్ మూసి నాకిచ్చి, "ఒక్కటి కూడా తేడా లేదమ్మా" అన్నాడు. ఆ గొంతులో నన్ను చూసి కలిగిన సంతోషం కంటే తనకు కలిగిన ఊరట ఎక్కువ వినిపించింది. నాకు అదే చాలనిపించింది. చాచా ఒడ్డున కూర్చుని అరికాళ్లు చూసుకుంటున్నాడు. రోజంతా నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడ్డాయి. "జర చాయ్ తాగిపియ్యి బేటీ" అన్నాడు. నా పదేళ్ల సర్వీసులో అంత రుచైన చాయ్ మళ్లీ తాగలేదు.

పది రోజుల తర్వాత పని మీద బస్సులో నర్సాపూర్ దాకా పోయాను. రోడ్డుకు రెండు వైపులా చెరువుల కింద చిన్న చిన్న మడులు లేత ఆకుపచ్చగా నిండి ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చున్న ఒకామె తన భర్తతో "గిది మొన్న వాగు దాటొచ్చిన ఇత్తునమే" అంటోంది. నేను ఎవరో ఆమెకు తెలియదు. చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెప్పలేదు, మిగతా దారంతా నవ్వుకుంటూ కూర్చున్నాను.

పైనుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చిన మాట నిజమే. నేను జవాబు రాసుకుని తీసుకుపోతే, అధికారి అప్పటికే తనది పంపేశానన్నాడు. నిర్ణయం తనదేనని, స్టోర్‌కీపరు తను చెప్పినట్టు చేసిందని రాశాడట. "నిర్ణయం నాది గదా సార్" అన్నాను. "తప్పయితే నాది. ఒప్పయితే మీదని ఇంకో ఉత్తరం రాశాను" అన్నాడు. ఆ రెండో ఉత్తరం వల్లే కావచ్చు, చలికాలంలో పక్క తాలూకాల స్టోర్‌కీపర్లందరినీ మెదక్‌కు పిలిచి, రెండు రోజులు మా పద్ధతి చూపించమని ఆర్డరు వచ్చింది.

నేను చాచాను కూడా రమ్మన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఆఫీసర్ల నడుమ నేనేం మాట్లాడుత? పరేషాన్ చెయ్యకు" అన్నాడు. ఆ రోజు పొద్దున మాత్రం ఉతికిన షేర్వానీ వేసుకుని వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఒక కుర్ర స్టోర్‌కీపరు లేచి, దొంతర సరిగా ఉందో లేదో ఎక్కకుండా ఎలా తెలుస్తుందని అడిగాడు. చాచా అతన్ని వెంటబెట్టుకుని దొంతర చుట్టూ తిప్పాడు. ఒక మూల ఆగి, బస్తాల మీద అరచేత్తో తట్టి వినమన్నాడు. మరో మూల తట్టి మళ్లీ వినమన్నాడు. తేమ పట్టిన బస్తా మొద్దుగా పలుకుతుంది, ఎండు బస్తా గలగలమంటుంది. ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చి చెవి ఆనించి తట్టారు. మా అధికారి కూడా వచ్చి తట్టి తప్పు చెప్పాడు. చాచా వినయంగా, "ఇంకోసారి సార్, జర మెల్లగ" అన్నాడు. రెండోసారి ఆయన సరిగా చెప్పాడు. సాయంత్రం సంతకాల కాగితం మీద నేర్పినవారు అన్న చోట నా పేరు కింద చాచా బొటనవేలి ముద్ర వేయించాను. అది కావాలనే వేయించాను.

మరుసటి నెల నాకు మూడు తాలూకాల విత్తనాల సరఫరా అప్పగిస్తూ ఆర్డరు వచ్చింది. ఆ పనిలో నాకు ముందు ఆడవాళ్లు ఎవరూ లేరు. మా అమ్మ ఆ కాగితాన్ని పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టింది.

కోతలయ్యాక, తీసుకున్న విత్తనానికి బదులు విత్తనమే తిరిగి ఇచ్చే పద్ధతి ఉండేది. గోదాము ముందు బండ్లు బారులు తీరాయి. ఇరవై రెండు ఊళ్ల రైతులూ వచ్చారు. చాచా ప్రతి బస్తాలో చెయ్యి పెట్టి చూశాడు, నేను ప్రతి ఊరిదీ వంద గింజలు తీసి తడి గోనెలో చుట్టాను. నాలుగో రోజు విప్పితే తెల్లటి మొలకలు గుడ్డంతా నిండి ఉన్నాయి. చెక్కల మీద, గోడకు సందు వదిలి, పైకప్పు దగ్గరి దాకా దొంతరలు లేచాయి. వచ్చే మృగశిరకు మా తాలూకాకు కావలసిన విత్తనమంతా మా పొలాల్లోనే పండి మా గోదాములోనే ఉంది. ఆ ఏడు రైలుకు ఇండెంటు రాయాల్సిన పని లేకుండా పోయింది.